అదును సరే, ముందు పదును చూడండి: వసంతంలో పెరటి తోట మొదలుపెట్టేవారికి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఇంటి వెనక దాదాపు 20 చదరపు మీటర్ల స్థలం ఉంది. రెండేళ్ళుగా ఏమీ వేయకపోవడంతో గడ్డి పెరిగిపోయింది. వసంతం మొదలవుతోంది కాబట్టి ఈ శని, ఆదివారాల్లో మొత్తం తవ్వేసి, ఎరువు కలిపి, కొని పెట్టుకున్న విత్తనాలన్నీ వేసేద్దామనుకుంటున్నారు. కిందటేడు నర్సరీ నుంచి తెచ్చి నాటిన టమాటా, మిరప నారు పది రోజులకే చచ్చిపోయింది. ఈసారీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మూలన ఉన్న పాత గులాబీని, దాని పక్కన ఉన్న పూల పొదను ఇప్పుడే కత్తిరించాలా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ వారం పార పట్టకండి. నేల పదునుకు వచ్చాకే తవ్వండి. అదీ మొత్తం కాదు, మూడో వంతు చాలు. విత్తనాలన్నీ ఒకే రోజు వేయకండి, నేల వేడిని బట్టి రెండు విడతలుగా వేయండి. బాగా మాగిన ఎరువు 2 నుంచి 3 సెంటీమీటర్ల మందాన పరిస్తే సరిపోతుంది. మీ నారు చచ్చిపోవడానికి కారణం చాలావరకు ఎండకు, గాలికి అలవాటు చేయకుండా నాటడం, ఆ తర్వాత నీళ్ళు మరీ ఎక్కువ పోయడం అయ్యుంటుంది. గులాబీని ఇప్పుడు కత్తిరించవచ్చు. పొద సంగతి అది ఎప్పుడు పూస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది, చివర్లో చెప్తాను.

ఇప్పుడు కారణాలు. నేను 18 ఏళ్ళుగా కూరగాయలు, పూలు పెంచుతున్నాను. తెలిసినవాళ్ళ పెరళ్ళలో తోటలు మొదలుపెట్టడానికి కూడా సాయం చేస్తుంటాను. కొత్తవాళ్ళు నష్టపోయేది ఎక్కువగా పురుగు వల్లో, ఎరువు చాలకో కాదు, మొదటి రెండు వారాల తొందర వల్ల.

రైతులు అదును, పదును అని జంటగా అంటారు. అదును అంటే పని చేయాల్సిన కాలం. పదును అంటే పనికి అనువైనంత తేమ నేలలో ఉండటం. వసంతం వచ్చిందంటే అదును వచ్చినట్టే, కానీ పదును క్యాలెండర్‌లో కనిపించదు. చేతితోనే తెలుస్తుంది. చేతి పారతో 15 సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. చేయి తెరిచి ఆ ముద్దను బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే తవ్వొచ్చు. వేలిముద్ర పడి ముద్ద ముద్దలాగే ఉంటే, లేదా వేళ్ళ మధ్య నుంచి నీరు కనిపిస్తే ఇంకో నాలుగైదు రోజులు ఆగండి. అసలు ముద్దే కట్టకుండా దుమ్ములా జారిపోతే మరీ ఎండినట్టు. అప్పుడు బాగా తడిపి, ఒకటి రెండు రోజులు వదిలేసి మళ్ళీ చూడండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడిగా ఉండటం మామూలే, అందుకే లోతు నుంచి తీయమంటున్నాను.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మంచి నేలలో మట్టి రేణువులు చిన్న చిన్న గుళికలుగా అతుక్కుని ఉంటాయి. ఆ గుళికల మధ్య సందుల్లోనే గాలి, నీరు ఉంటాయి. వేళ్ళు ఊపిరి తీసుకునేది అక్కడే. తడి నేలను తవ్వినా, దాని మీద నడిచినా ఆ సందులు మూసుకుపోయి మట్టి ముద్దవుతుంది. ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. బంకమట్టిలో ఇది మరీ ఎక్కువ. నా మొదటి ఏడాది వాన వెలిసిన రెండో రోజునే ఉత్సాహంగా మడులన్నీ తవ్వేశాను. ఆ బెడ్డలు పంటకాలం ముగిసేదాకా విడిపోలేదు. క్యారట్లు వంకర్లు తిరిగి రెండు మూడు కాళ్ళుగా చీలిపోయాయి. ఆ నేల మళ్ళీ గుల్లబారడానికి రెండేళ్ళు పట్టింది. వారం రోజులు ఆగితే పోయేదేమీ లేదు, ఆగకపోతే రెండేళ్ళు పోవచ్చు.

ఆగిన ఈ వారంలో చేయదగ్గ పనులున్నాయి. మొదటిది ఎండ చూడటం. ఒక సెలవు రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా గంట గంటకీ స్థలంలో ఎక్కడ ఎండ పడుతోందో కాగితం మీద గీసుకోండి. కాయ కాసే టమాటా, మిరప, వంగ, బెండ, దోస లాంటి వాటికి కనీసం 6 గంటల నేరు ఎండ కావాలి, 8 అయితే ఇంకా మంచిది. ఆకుకూరలు 4 గంటలతో సర్దుకుంటాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: పక్కన ఆకు రాల్చే చెట్టు ఉంటే ఇప్పుడు ఎండగా కనిపించిన చోటు ఆకు వేశాక నీడైపోతుంది.

రెండోది నీరు ఇంకే తీరు. ఒక అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. గంటకు రెండున్నర సెంటీమీటర్లైనా దిగితే ఫర్వాలేదు. అంతకన్నా తక్కువైతే అక్కడ నీరు నిలుస్తుందని అర్థం. అలాంటి చోట మడిని 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేసుకోవడం తప్పదు. మీ నారు చావడంలో దీని పాత్ర కూడా ఉండొచ్చు కాబట్టి ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

ఇక స్థలం. 20 చదరపు మీటర్లూ ఒకేసారి వేస్తానంటే నేను వద్దంటాను. మీ ఓపిక మీద అనుమానంతో కాదు. కలుపు ఒకసారి చేయి దాటితే అనుభవమున్నవాళ్ళకే కష్టం, మొదటి ఏడాది అది మనసు విరిచేస్తుంది. 1.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఉన్న మడులు రెండు చేయండి. ఒక్కోటి 3 చదరపు మీటర్లు. వెడల్పు 1.2 మీటర్లు దాటకూడదు, అప్పుడే రెండు వైపుల నుంచీ చేయి నడిమధ్యకు అందుతుంది, మడిలోకి కాలు పెట్టాల్సిన పని ఉండదు. మడిలో ఎప్పటికీ అడుగు పెట్టకూడదు, పిల్లలకి కూడా ఈ మాట చెప్పండి. మధ్యలో నడవడానికి 45 సెంటీమీటర్లు వదలండి.

మిగతా స్థలాన్ని అలా వదిలేస్తే అక్కడి కలుపు విత్తనం మడుల్లోకి వస్తుంది. గడ్డిని నేలబారుగా కోసి, బాగా తడిపి, మందపాటి అట్టపెట్టెలు విప్పి పరిచేయండి. వాటి మీది టేపు, పిన్నులు ముందే తీసేయండి. ఒకదాని అంచు మీద ఇంకొకటి 15 సెంటీమీటర్లైనా ఎక్కేలా వేసి, పైన ఎండుటాకులు, గడ్డి 10 సెంటీమీటర్ల మందాన కప్పండి. వెలుతురు అందక కొన్ని నెలల్లో మామూలు గడ్డి చచ్చి కుళ్ళిపోతుంది, వచ్చే ఏడాదికి ఆ చోటు సులువుగా మడి అవుతుంది.

గరిక, తుంగ ఉంటే మాత్రం ఇంత తేలిగ్గా లొంగవు. గరిక కాడ చిన్న ముక్క మిగిలినా మళ్ళీ వేళ్ళూనుతుంది. తుంగకు నేలలో గడ్డలుంటాయి, అవి అట్టను పొడుచుకుని పైకి వస్తాయి. ఇవి ఉన్న నేలను మెషీన్‌తో దున్నించకండి, ముక్కలు ముక్కలై వంద రెట్లవుతాయి. పదునున్నప్పుడు ముళ్ళపారతో నేలను పెకలించి, కాడలు, గడ్డలు చేత్తో ఏరాలి. ఓపికతో కూడిన పనే, కానీ ఆ రెండు మడుల వరకూ చేయగలరు. మడులు చిన్నవి చేసుకోమన్నదానికి ఇదీ ఒక కారణం.

తవ్వేటప్పుడు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు చాలు. బెడ్డలు విడగొట్టండి గానీ పిండిలా చేయకండి. మరీ మెత్తగా చేస్తే మొదటి వానకే పైన పెచ్చు కట్టి మొలకలు పైకి రాలేవు. రెండో ఏడాది నుంచి ఇంతలా తిరగేసే అవసరం ఉండదు. పైన ఎరువు పరిచి వదిలేస్తే వానపాములే లోపలికి తీసుకుపోతాయి. అవి నేలను ఎంత తిప్పేస్తాయో చార్లెస్ డార్విన్ దశాబ్దాల పాటు గమనించి 1881లో ప్రచురించాడు. నా పాత మడుల్లో పదేళ్ళుగా పార దించలేదు, మోచేతి దాకా చేయి దిగేంత గుల్లగా ఉంటాయి.

ఇప్పుడు ఎరువు. 2.5 సెంటీమీటర్ల మందం అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. మీ ఒక్కో మడికి 75 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్‌తో అయిదు. దాన్ని పై 10, 15 సెంటీమీటర్లలో కలిపేయండి. నేల మరీ పేలవంగా ఉంటే మొదటి ఏడాది మాత్రం దీనికి రెట్టింపు వేయొచ్చు, అంతకు మించి వద్దు. నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా, ఏపుగా పెరిగి పూతకు రాదు. ఆ లేత ఆకు మీదికే పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ముందుగా వస్తుంది.

ఎరువు మాగిందో లేదో ముక్కుకే తెలుస్తుంది. తొలకరి మట్టి వాసన రావాలి. ఘాటు వాసన వచ్చినా, పట్టుకుంటే వేడిగా ఉన్నా, వేసిన పదార్థం ఏమిటో ఇంకా గుర్తుపట్టగలిగినా మాగలేదన్నమాట. పచ్చి పేడ ఎరువు విత్తే ముందు వేయకండి, వేళ్ళను మాడుస్తుంది. పైగా రోగకారక క్రిములు ఉంటాయి. మట్టిని తాకే పంటలకు, అంటే ఆకుకూరలు, ముల్లంగి, క్యారట్ లాంటి వాటికి, పచ్చి ఎరువు వేసినప్పటి నుంచి కోతకు కనీసం 120 రోజులు ఉండాలన్నది సేంద్రియ సాగులో పాటించే నియమం. మట్టికి తగలకుండా పైన కాసేవాటికి 90 రోజులు. వసంతంలో మొదలుపెట్టే పెరటి తోటలో అన్ని రోజులు చేతిలో ఉండవు కాబట్టి మాగిందే వాడండి.

రంపపు పొట్టు, ఎండుటాకులు మట్టిలో కలపకండి, పైన కప్పడానికి వాడండి. వాటిలో కర్బనం ఎక్కువ. మట్టిలో కలిపితే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి. నాకు తెలిసిన ఒకాయన మడి నిండా రంపపు పొట్టు కలిపి, మొక్కలు పాలిపోతే తెగులు అనుకుని మందులు కొట్టారు. తెగులేమీ లేదు, అది ఆకలి. ఇక కోడిగుడ్డు పెంకులు, ఎప్సమ్ సాల్ట్ గురించి చాలామంది చెప్తారు. పెంకులు కరగడానికి ఏళ్ళు పడుతుంది. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపం ఉన్న నేలకే పనికొస్తుంది. వీటికన్నా ఒక్కసారి మట్టి పరీక్ష చేయించుకుంటే మేలు. నేల ఆమ్లమో క్షారమో చెప్పే ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.8 మధ్య ఉంటే చాలా కూరగాయలకు అనుకూలం. కట్టెల బూడిద దాన్ని పెంచుతుంది, అందుకే నేల ఇప్పటికే క్షారంగా ఉందో లేదో తెలియకుండా బూడిద గుమ్మరించకూడదు.

మడి తయారయ్యాక వెంటనే విత్తకండి. ఇది నాకు ఎవరో ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించే విషయం. తవ్వినప్పుడు అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు వెలుతురులోకి వస్తాయి. మడిని చదును చేసి, తడిపి, 10 నుంచి 14 రోజులు ఆగండి. పచ్చగా కలుపు మొలుస్తుంది. అది రెండాకుల దశలో ఉండగానే ఎండ రోజు చూసి దోకుడు పారతో పైపైన, రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా చెక్కేయండి. లోతుగా కదిలిస్తే కొత్త గింజలు పైకి వస్తాయి, చేసిన పని వృథా అవుతుంది. ఆ తర్వాత విత్తండి. ఆ ఏడాది కలుపు పని సగానికి తగ్గిపోతుంది.

ఎప్పుడు విత్తాలన్నది నేల వేడి చెప్తుంది. గది వేడి కొలిచే మామూలు థర్మామీటర్‌ను (జ్వరం చూసేది కాదు) 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు దించి, ఉదయం పూట వరసగా నాలుగు రోజులు చూడండి. ప్రయోగాల్లో తేలిన లెక్క ఒకటి చెప్తాను: టమాటా గింజ మొలవడానికి 10 డిగ్రీల నేలలో 43 రోజులు, 15 డిగ్రీల్లో 14 రోజులు, 20లో 8, 25లో 6 రోజులు పడుతుంది. అంటే చల్లటి నేలలో నెల ముందు విత్తినా, వేడెక్కాక విత్తినా దాదాపు ఒకేసారి మొలుస్తాయి. తేడా ఏమిటంటే, ముందు విత్తినవి అన్ని రోజులు తడి మట్టిలో పడి ఉండి కుళ్ళిపోయే అవకాశం ఎక్కువ.

అందుకే రెండు విడతలు అన్నాను. పాలకూర, బఠానీ, ముల్లంగి, లెట్యూస్, క్యారట్, ఉల్లి చలికి తట్టుకుంటాయి. నేల 7 నుంచి 10 డిగ్రీలు ఉంటే వేసేయొచ్చు. బీన్స్, బెండ, దోస, బీర, గుమ్మడి 16 డిగ్రీల లోపు వేయకూడదు, 18 నుంచి 20 దాకా ఆగితే ఇంకా నిశ్చింత. వంగ, మిరప కూడా వెచ్చదనం కోరతాయి, వాటిని నారు పోసి నాటుకోవడమే మంచిది. నారుగా నాటే టమాటాకు రాత్రి వేడి 10 డిగ్రీల పైన, మిరపకు 13 పైన నిలకడగా ఉండాలి.

మీరున్న చోట వసంతం అంటే ఏమిటో చూసుకోండి. మంచు పడే ప్రాంతమైతే ఆఖరి మంచు రాత్రి దాటిందా అన్నదే పెద్ద ప్రశ్న. ఒక్క రాత్రి సున్నాకు పడిపోతే లేత దోస, బీన్స్ తెల్లారేసరికి నల్లబడతాయి. అలాంటి రాత్రి వస్తుందని తెలిస్తే సాయంత్రమే పాత దుప్పటి కప్పి, అంచులు నేలకు ఆనేలా రాళ్ళు పెట్టి, పొద్దున తీసేయాలి. వేడి ప్రాంతమైతే పరిస్థితి పూర్తిగా తలకిందులు. అక్కడ వసంతం చలికాలపు పంటలకు ముగింపు. పాలకూర, లెట్యూస్ ఇప్పుడు వేస్తే ఆకు ఎదగకముందే పూతకొమ్మ వేసి చేదెక్కుతాయి. నేల 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ గింజ సరిగా మొలవనే మొలవదు. టమాటా కూడా పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పూత రాల్చేస్తుంది. అలాంటి చోట ఇప్పుడు బెండ, బీర, దోస, గోరుచిక్కుడు, తోటకూర మీద నమ్మకం పెట్టుకోండి.

విత్తనాల గురించి ఎక్కువ చెప్పను. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు వేస్తే చాలు. లెట్యూస్‌కు వెలుతురు కావాలి, మట్టి చల్లీ చల్లనట్టు ఉంచండి. పాత ప్యాకెట్లు ఉంటే పది గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి చూడండి. ఆరు కన్నా తక్కువ మొలిస్తే కొత్తవి కొనండి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మలేం, టమాటా, దోస నాలుగైదేళ్ళు నిలుస్తాయి. మొలిచాక వత్తుగా ఉన్నవి తీసేయడానికి మనసొప్పదు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ తీయకపోతే అన్నీ పీలగానే మిగులుతాయి. పీకితే పక్కదాని వేళ్ళు కదులుతాయి కాబట్టి కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి.

ఇక మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ చచ్చిపోయిన నారు. పది రోజులకు అన్నారు కాబట్టి ఒక్కో లక్షణాన్నీ గుర్తుచేసుకోండి. ఆకులు మొదట తెల్లగా, కాగితంలా మచ్చలు పడి ఎండితే అది ఎండ దెబ్బ. నర్సరీలో నీడపట్టున పెరిగిన ఆకు నేరు ఎండను తట్టుకోలేదు. కాండం నేలకు ఆనే చోట సన్నబడి, నీరుకారినట్టై, మొక్క పక్కకు ఒరిగితే నారుకుళ్ళు తెగులు. ఒకే రాత్రిలో కత్తితో నరికినట్టు తెగి పడి ఉంటే మట్టిలో దాక్కునే కత్తెర పురుగు పని. దానికి కాండం చుట్టూ అట్టముక్కను గొట్టంలా చుట్టి, రెండు సెంటీమీటర్లు నేలలోకి, అయిదు సెంటీమీటర్లు పైకి ఉండేలా పెడితే చాలు. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిపోతే వేళ్ళు కుళ్ళాయన్నమాట. ఎక్కువమందికి జరిగేది ఇదే.

ఒక కేసు చెప్తాను. ఒకామె తన మిరప మొక్కలు వాడిపోతున్నాయని ఫోటోలు పంపారు. రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు పోస్తున్నారని అడిగితే, వాడినప్పుడల్లా అన్నారు. ఒక మొక్కను పెకలించి వేళ్ళు చూడమన్నాను. గోధుమరంగులో మెత్తగా, దుర్వాసనతో ఉన్నాయి. నీళ్ళలో మునిగిన వేళ్ళకు గాలి అందదు, గాలి అందని వేరు నీటిని పీల్చలేదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో వాడుతుంది. ఆమె దాన్ని దాహమే అనుకుని ఇంకా పోశారు. ప్రేమతోనే చేశారు, అదే బాధ. మిగిలిన మొక్కలకు నాలుగు రోజులు నీళ్ళు ఆపమంటే సగం బతికాయి.

ఈసారి నారు తెచ్చాక ఇలా చేయండి. మొదటి రెండు రోజులు ఆరుబయట నీడలో రెండు మూడు గంటలు ఉంచి లోపలికి తీసుకురండి. తర్వాత ఉదయపు ఎండలో గంట, మర్నాడు రెండు గంటలు, అలా పెంచుకుంటూ 7 నుంచి 10 రోజుల్లో రోజంతా, ఆఖరి రెండు రాత్రులు కూడా బయటే ఉండేలా అలవాటు చేయండి. గాలి తగిలితే కాండం గట్టిపడుతుంది. నాటేది సాయంత్రం పూట, లేదా మబ్బు పట్టిన రోజు. నాటే ముందు కుండీలోనే బాగా తడపండి. వేళ్ళు కుండీ ఆకారంలో చుట్టుకుపోయి ఉంటే అడుగున, పక్కల మెల్లగా విడదీయండి, లేకపోతే బయటి మట్టిలోకి పోకుండా అదే చుట్టు తిరుగుతాయి. టమాటాను పై ఆకులు మాత్రం కనిపించేలా లోతుగా నాటండి, పూడిన కాండం నుంచి కొత్త వేళ్ళు వస్తాయి. మిరప, వంగ మాత్రం కుండీలో ఎంత లోతున ఉన్నాయో అంతే. మొక్క చుట్టూ ఒకసారి బాగా నీళ్ళు పోసి, మూడు రోజులు మధ్యాహ్నం పూట నీడ కల్పించండి. మొదటి రెండు వారాలు ద్రవ ఎరువులేవీ వద్దు.

తర్వాత నీళ్ళు. వారానికి 25 మిల్లీమీటర్లు అన్నది మొదలుపెట్టడానికి మంచి లెక్క, వాన పడితే దాన్ని మినహాయించుకోవాలి. మీ ఒక్కో మడికి అది వారానికి 75 లీటర్లు. రోజూ కాస్త కాస్త చల్లడం కన్నా వారానికి రెండుసార్లు లోతుగా దిగేలా పోస్తే వేళ్ళు కిందికి వెళ్తాయి. ఇసుక నేలలో, ఎండలు ముదిరాక తరచుగా కావాలి. అందుకే లెక్కకన్నా వేలును నమ్మండి: 5 సెంటీమీటర్ల లోతున తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. గింజలు మొలిచేదాకా మాత్రం ఈ సూత్రం వర్తించదు, అప్పుడు పైమట్టి ఆరకుండా రోజూ తేలిగ్గా చిలకరించాలి. మధ్యాహ్నం ఆకులు వేలాడి సాయంత్రానికి వాటంతటవే లేస్తే కంగారు పడకండి. పొద్దున్నే వేలాడుతూ, మట్టి కూడా పొడిగా ఉంటే అప్పుడు నిజంగా నీళ్ళు అవసరం.

నేల వేడెక్కి, మొక్క జానెడు ఎదిగాక ఎండుగడ్డి, ఎండుటాకులతో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన మల్చింగ్ వేయండి. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలండి. చల్లటి ప్రాంతంలో ముందే కప్పేస్తే నేల వేడెక్కడం ఆలస్యమవుతుంది. మల్చింగ్ వల్ల తేమ ఒకే తీరుగా ఉంటుంది, టమాటా కాయల అడుగు నల్లబడటం కూడా తగ్గుతుంది. ఆ నలుపుకు కారణం చాలాసార్లు నేలలో కాల్షియం లేక కాదు, తడి ఒకసారి ఎక్కువై ఒకసారి తక్కువై అది కాయదాకా చేరక.

పురుగుల గురించి ఒక్క మాటే. చిగుళ్ళ మీద పేనుబంక కనిపించగానే మందు కొట్టకండి. పైపుతో నీళ్ళు జోరుగా కొట్టి కడిగేయండి, రెండు రోజులకోసారి మూడు నాలుగుసార్లు. దగ్గరగా చూస్తే అక్కడే నల్లగా, మొసలి పిల్ల ఆకారంలో, ఒంటి మీద నారింజ చుక్కలతో చిన్న పురుగులు తిరుగుతుంటాయి. అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తినే నేస్తాలు. రూపం చూసి భయపడి చాలామంది వాటినే చంపేస్తారు. పూత మీద ఏ మందూ కొట్టకండి, తేనెటీగలు రాకపోతే దోస, గుమ్మడి పిందె కట్టవు.

చివరగా మీ గులాబీ, పొద. గులాబీకి కొమ్మల మీది ఆకు మొగ్గలు (పూమొగ్గలు కాదు) ఉబ్బి ఎర్రబడటం మొదలైనప్పుడు కత్తిరించాలి, అంటే బహుశా ఇప్పుడే. ముందు ఎండిపోయిన కొమ్మలు, తర్వాత తెగులు పట్టినవి, ఆ తర్వాత ఒకదానికొకటి రాసుకునేవి తీయండి. మిగిలినవాటిని బయటివైపు తిరిగిన మొగ్గకు అర సెంటీమీటరు పైన కోయండి. కోసిన చోట లోపల గోధుమరంగు ఉంటే ఇంకా కిందికి, తెల్లటి దవ్వ కనిపించేదాకా కోయాలి. పొద విషయంలో గుర్తుచేసుకోండి, అది వసంతంలోనే పూస్తుందా, ఎండాకాలంలోనా? ఎండాకాలంలో పూసేది కొత్త కొమ్మల మీద పూస్తుంది, దాన్ని ఇప్పుడు కత్తిరించవచ్చు. వసంతంలో పూసేదైతే మొగ్గలు కిందటేడు కొమ్మల మీదే సిద్ధంగా ఉంటాయి, ఇప్పుడు కోస్తే ఈ ఏడాది పూలన్నీ పోతాయి. పూలు రాలాక రెండు వారాల్లోపు, బాగా ముదిరిన కొమ్మలు మూడో వంతు మొదలంటా తీసేయండి. గుర్తు లేకపోతే ఈ ఏడాదికి దాన్ని ముట్టుకోకుండా వదిలేసి, ఎప్పుడు పూసిందో రాసి పెట్టుకోండి.